నేర్పిన పద్ధతులు తొమ్మిదేళ్లకు ఎన్ని మిగిలాయి? తారాపూర్, ఉంబర్‌గావ్ నేత మిల్లుల కేస్ స్టడీ

మంచి యాజమాన్యం వల్ల ఫ్యాక్టరీకి లాభాలు వస్తాయా, లేక లాభాల్లో ఉన్న ఫ్యాక్టరీలే మంచి యాజమాన్యాన్ని పెట్టుకోగలుగుతాయా? బిజినెస్ స్కూళ్లలో ఈ వాదన దశాబ్దాల పాటు నడిచింది. బాగా నడుస్తున్న కంపెనీని చూపించి, దాని పద్ధతులన్నీ ఏకరువు పెట్టడం తేలిక. ఆ పద్ధతుల వల్లే అది బాగా నడుస్తోందని రుజువు చేయడం చాలా కష్టం. 2008లో మొదలైన ఒక ప్రయోగం ఆ రుజువు కోసం మన దేశంలోని నేత మిల్లుల్లోకి వెళ్లింది. ముంబైకి ఉత్తరాన, మహారాష్ట్రలోని తారాపూర్‌లోనూ గుజరాత్ సరిహద్దు దాటగానే వచ్చే ఉంబర్‌గావ్‌లోనూ ఉన్న మిల్లులవి. మందుల పరీక్షలో చేసినట్టే కొన్ని మిల్లులకు పూర్తి చికిత్స ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా ఉంచి, తేడా కొలిచారు.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నికొలస్ బ్లూమ్, జాన్ రాబర్ట్స్, వాళ్లతో పాటు బెన్ ఐఫర్ట్, అప్రజిత్ మహాజన్, ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ కలిసి చేసిన అధ్యయనం ఇది. 2013లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయింది. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందన్న అంకెతో అది ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

మధ్య తరహా ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి పద్ధతులు సరిదిద్దడం నా వృత్తి. అందులో నేత యూనిట్లు ఎక్కువ. మాతో కొత్తగా చేరే ఇంజనీర్లకు నేను మొదట చెప్పే కేసు ఇదే. వాళ్లలో చాలామందికి 17 శాతం సంగతి కాలేజీలోనే తెలిసి ఉంటుంది. అదే పరిశోధకులు తొమ్మిదేళ్ల తర్వాత ఆ మిల్లులకు మళ్లీ వెళ్లి ఏం చూశారన్నది మాత్రం అంతగా తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఆ రెండో భాగమేనని నా గట్టి అభిప్రాయం. అక్కడికి వెళ్లేముందు మొదటి భాగం వివరంగా చూడాలి.

ఎలాంటి మిల్లులు

ఇవి చిన్న షెడ్లలో నడిచే పవర్‌లూములు కావు. ఒక్కో సంస్థలో సగటున 270 మంది పనిచేసేవారు. ఏటా అమ్మకాలు సుమారు 75 లక్షల డాలర్లు. నూలు కొనడం, పడుగు (బట్టలో నిలువు పోగులు) సిద్ధం చేయడం, మగ్గాల మీద బట్ట నేయడం, గ్రే బట్టను (ఇంకా రంగు వేయని బట్టను) చెక్ చేసి పంపడం, ఇదీ వాళ్ల వ్యాపారం. అన్నీ కుటుంబ సంస్థలే. పెద్ద నిర్ణయాలన్నీ తండ్రో, అన్నదమ్ములో, కొడుకులో తీసుకుంటారు. బయటి నుంచి వచ్చిన మేనేజర్ ఎంత సమర్థుడైనా కాస్త పెద్ద ఖర్చు చేయాలంటే డైరెక్టర్ సంతకం కోసం ఆగాల్సిందే.

పరిశోధకులు మొదట 66 సంస్థలను సంప్రదించారు. ఒక పెద్ద అంతర్జాతీయ కన్సల్టింగ్ సంస్థ ఉచితంగా వచ్చి నెలల తరబడి పనిచేస్తుందని చెప్పారు. 34 సంస్థలు ఆసక్తి చూపాయి. పై స్థాయి వాళ్ల సమయం కేటాయిస్తామని చివరికి ఒప్పుకున్నవి 17. ఉచితంగా ఇస్తామన్నా నాలుగింట మూడు వంతుల మంది వద్దన్నారన్నమాట. మా రంగంలో ఉన్నవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. యజమానికి కన్సల్టెంట్ ఫీజు కంటే తన సమయం పోతుందన్న బెంగ ఎక్కువ. దాని కంటే పెద్దది, బయటివాడు పుస్తకాలు చూస్తాడన్న భయం.

ఈ 17 సంస్థలకు మొత్తం 28 ప్లాంట్లు. వాటిలో 20 ప్రయోగంలోకి వచ్చాయి. 14 ప్లాంట్లకు పూర్తి సాయం అందింది, 6 పోలిక కోసం ఉంచారు. అందరికీ మొదటి నెల పరిశీలన ఒకటే. ఫ్యాక్టరీ ఎలా నడుస్తోందో చూసి, ఏం మార్చాలో చెప్పడం. 14 ప్లాంట్లకు ఆ తర్వాత మరో నాలుగు నెలలు కన్సల్టెంట్లు దగ్గరుండి ఆ మార్పులను అమలు చేయించారు. పోలిక ప్లాంట్లకు అంకెలు సేకరించే మేరకే వెళ్లారు. అంటే ఈ కేసులో తూచింది సలహా ఇవ్వడానికీ, దగ్గరుండి చేయించడానికీ మధ్య ఉన్న తేడాని. పోలిక ప్లాంట్లకూ ఏం చేయాలో తెలుసు. వాటిలోనూ కొన్ని పద్ధతులు పెరిగాయి. కానీ చేయి పట్టుకుని నడిపించిన చోట వచ్చిన పెరుగుదల దానికి మూడు రెట్లు.

కన్సల్టెంట్లు పట్టుకున్నది 38 పద్ధతులను. యంత్రాల నిర్వహణ, ఫ్లోర్ శుభ్రత, నాణ్యత, సరుకు నిల్వ, మగ్గాల ప్లానింగ్, సిబ్బంది ప్రోత్సాహకాలు, ఆర్డర్ల నిర్వహణ, అన్నీ అందులో ఉన్నాయి. ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. జపాన్, అమెరికా ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా మామూలైపోయినవే. ప్రయోగానికి ముందు ఈ మిల్లులు వాటిలో దాదాపు నాలుగో వంతే పాటిస్తుండేవి. తర్వాత పూర్తి సాయం పొందిన ప్లాంట్లలో ఆ వాటా సుమారు 38 శాతం పాయింట్లు పెరిగింది.

చెకింగ్ టేబుల్ దగ్గర

ఆ 38లో నాణ్యతకు సంబంధించినవాటిని దగ్గరగా చూడాలి. డబ్బు ఎక్కువగా కారిపోయేది అక్కడే.

ఈ మిల్లుల్లో సిబ్బందిలో దాదాపు అయిదో వంతు మంది పని, నేసిన బట్టలో లోపాలు వెతకడం, బాగుచేయడం. ఒక్కసారి ఆలోచించండి. అయిదుగురిలో ఒకరు కొత్తగా ఏమీ తయారు చేయడం లేదు, మిగతా నలుగురి పనిలో వచ్చిన తప్పులు దిద్దుతున్నారు. యజమానులకు ఇది వింతగా అనిపించలేదు. నేత అంటేనే అంత అనుకున్నారు.

చెకింగ్ టేబుల్ అంటే కింద నుంచి లైటు వేసిన ఏటవాలు బల్ల. దాని మీద బట్ట మెల్లగా కదులుతూ ఉంటే చెకర్ కళ్లప్పగించి చూస్తూ, తెగిన పోగు కనిపించినా, నూనె మరక కనిపించినా అక్కడ గుర్తు పెడతాడు. మెండింగ్ వాళ్లు సూదితో ఆ పోగును సరిచేస్తారు. సరికాకపోతే ఆ ముక్క కోసి రెండో రకం కింద పడేస్తారు. ఇక్కడిదాకా ప్రతి మిల్లులోనూ జరుగుతుంది. దిద్దిన తర్వాత ఆ లోపం సమాచారం ఏమవుతుంది? చాలాచోట్ల ఏమీ కాదు. కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఒక రిజిస్టర్ ఉంటుంది, అంతే. దాన్ని తిరగేసి, ఏ మగ్గం ఎక్కువ ఇబ్బంది పెడుతోందని చూసేవాళ్లు ఉండరు.

కన్సల్టెంట్లు చేసిన మార్పు చూడడానికి చిన్నది. ప్రతి లోపానికీ దాని రకం, మగ్గం నంబరు, షిఫ్టు లాంటి వివరాలతో రోజువారీ లెక్క. మర్నాడు ఉదయం ఆ లెక్క ముందేసుకుని నాణ్యత చూసేవాళ్లు, ఉత్పత్తి చూసేవాళ్లు, మెకానికల్ వాళ్లు కలిసి కూర్చోవడం. గోడ మీద గ్రాఫు.

ఈ లెక్క ఎందుకంత పనిచేస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. మగ్గం ఆగి మళ్లీ మొదలైనప్పుడు బట్ట మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. దాన్ని స్టార్టింగ్ మార్క్ అంటాం. వారం లెక్కలో ఈ మార్కులు ఎక్కువగా కనిపించాయనుకుందాం. ఒకే మగ్గం మీద మూడు షిఫ్టుల్లోనూ వస్తుంటే తప్పు యంత్రానిది, ఫిట్టర్ చూడాలి. ఒకే షిఫ్టులో చాలా మగ్గాల మీద వస్తుంటే ఆ షిఫ్టు మనుషుల అలవాటు కావచ్చు, లేదా ఆ వేళకు షెడ్డులో గాలి ఆరిపోయి పడుగు పోగులు ఎక్కువగా తెగుతూ ఉండొచ్చు. ఒకే లాట్ (ఒకే విడతలో వచ్చిన) నూలు ఎక్కించిన మగ్గాలన్నిటి మీదా వస్తుంటే ఫోన్ చేయాల్సింది నూలు సరఫరా చేసినవాడికి. పై చూపుకు మూడూ ఒకటే గీత. కారణాలు వేరు, బాధ్యులు వేరు. మగ్గం నంబరూ షిఫ్టూ లాటూ రాయకపోతే ఈ మూడింటిలో ఏదో తేలదు. అప్పుడు జరిగేది ఒక్కటే, నేత కార్మికుడి మీద అరవడం.

ఈ చివరి మాట నేను ఊరికే అనడం లేదు. లెక్క లేని ఫ్యాక్టరీలో తప్పు ఎప్పుడూ కింద ఉన్నవాడి మీదికే వెళ్తుంది. పాడు నూలు కొన్న పర్చేజ్ విభాగం మీదికి వెళ్లదు. మంచి యాజమాన్యం అంటే కార్మికుడి మీద నిఘా పెంచడమే అనుకునేవాళ్లు ఈ చెకింగ్ టేబుల్ దగ్గర ఒక వారం నిలబడి చూడాలని నా కోరిక. లెక్క రాయడం మొదలయ్యాక నేత కార్మికుడికి మొదటిసారి తన తరఫున చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

నూలు స్టోర్ సంగతీ ఇలాంటిదే. పరిశోధకులు ప్రచురించిన ఫొటోల్లో సంచులు గుట్టలుగా పడి ఉంటాయి. వెనక ఏముందో చేరి చూడలేరు. లేబుళ్లు లేవు. తేమ తగలకుండా జాగ్రత్త లేదు. కావలసిన నూలు లోపలే ఉన్నా కనిపించదు కాబట్టి మళ్లీ కొంటారు. పాతది పాడవుతుంది. దానికి వేసిన మందు, వరసలు పెట్టడం, లేబుళ్లు అతికించడం, నిల్వలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. వీటన్నిటికంటే నాకు బాగా నచ్చింది ఇంకొకటి: మిగిలిపోయిన నూలుకు షేడ్ కార్డులు (రంగుల నమూనాలు) తయారు చేసి డిజైన్ చేసేవాళ్లకు పంపారు, కొత్త డిజైన్లలో దాన్ని వాడుకోమని. పడి ఉన్న సరుకు మళ్లీ అమ్మకానికి దారి పట్టింది.

ఫలితం, దాని మీద నా అభిప్రాయం

లోపాలు తగ్గాయి, నిల్వలు తగ్గాయి, ఉత్పత్తి పెరిగింది. ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఒక్కో ప్లాంటుకు ఏటా 3 లక్షల డాలర్లకు పైగా లాభం పెరుగుతుందని పరిశోధకుల అంచనా. మూడేళ్లు తిరిగేసరికి సాయం పొందిన సంస్థలు పోలిక సంస్థల కంటే ఎక్కువ కొత్త ప్లాంట్లు తెరిచాయి.

17 సంస్థలంటే చాలా చిన్న నమూనా కాదా అని కుర్రాళ్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఒక్కో ప్లాంటు నుంచి వారం వారం అంకెలు చాలా కాలం సేకరించడం, చిన్న నమూనాలకు తగిన గణాంక పరీక్షలు వాడడం వల్ల పరిశోధకులు ఆ లోటును చాలావరకు పూడ్చారు. నాకు ఇంకొక అభ్యంతరం ఉంది. ఒప్పుకున్న 17 మందీ తలుపు తీసినవాళ్లు. తలుపు వేసుకున్న 49 మంది దగ్గర ఇదే ఫలితం వచ్చేదా? వస్తుందనే నా నమ్మకం. అయితే రావడానికి పట్టే కాలం వేరుగా ఉంటుంది.

ఇంత లాభం కళ్లముందే ఉంటే వీళ్లు ముందే ఎందుకు చేయలేదు? ఆర్థిక శాస్త్రం ప్రకారం పోటీ వాళ్లను తోసి ఉండాలి, లేదా మార్కెట్ నుంచి బయటికి పంపి ఉండాలి. పరిశోధకులు ప్రతి పద్ధతి గురించీ, ఎందుకు చేయడం లేదో కారణాలు నమోదు చేశారు. అరుదైన పద్ధతుల విషయంలో, ఉదాహరణకు లోపాల మీద రోజువారీ సమావేశం లాంటివి, అసలు అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. కాస్త వాడుకలో ఉన్నవాటి గురించి విన్నారు, కానీ తమకు లాభం లేదనుకున్నారు. మా నాణ్యత చుట్టుపక్కల మిల్లుల కంటే తక్కువేం కాదు, లాభాలు వస్తున్నాయి, ఇంకెందుకు అన్నది వాళ్ల ధోరణి. అందరూ ఒకే స్థాయిలో ఉన్న చోట పక్కవాడిని చూసి నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇక చెడ్డ యాజమాన్యం ఉన్న మిల్లు ఎందుకు మూతపడదు? బాగా నడిచే మిల్లు పెరిగి దాన్ని మింగేయాలి కదా. పెరగలేదు. సంస్థ ఎంత పెద్దదవుతుందో చెప్పడానికి దాని యాజమాన్య ప్రమాణాల కంటే, ఆ కుటుంబంలో పనిలోకి దిగగల మగవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే బాగా పనికొచ్చిందని అధ్యయనం తేల్చింది. బయటి మేనేజర్ చేతికి ప్లాంటు అప్పగిస్తే దొంగతనం జరుగుతుందని భయం. జరిగితే కోర్టులో తేలడానికి ఏళ్లు పడుతుందన్న అనుభవం. కాబట్టి ఇద్దరు కొడుకులుంటే రెండు ప్లాంట్లు. కూతుళ్లను లెక్కలోకే తీసుకోని ఆ లెక్క వల్ల పరిశ్రమ ఎంత పోగొట్టుకుందో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇది కొన్ని మిల్లులకే పరిమితమైన విషయం కాదు. ఆర్థికవేత్తలు చాంగ్-తాయ్ షే, పీటర్ క్లెనో 2009లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో పెట్టుబడీ శ్రమా అమెరికాలో లాగా సమర్థమైన ఫ్యాక్టరీల వైపు పారితే తయారీ రంగం ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరుగుతుంది. మంచి మిల్లు పెరగలేకపోవడం, చెడ్డ మిల్లు మూతపడకపోవడం కలిసి దేశానికి వేసే ఖర్చు ఆ స్థాయిలో ఉందన్నమాట.

తొమ్మిదేళ్ల తర్వాత

ప్రయోగం జరిగిన తొమ్మిదేళ్లకు బ్లూమ్, మహాజన్, మెకెంజీ, రాబర్ట్స్ ఆ మిల్లులకు తిరిగి వెళ్లారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ప్రయోగం జరిగిన ప్లాంట్లలో అప్పట్లో కొత్తగా పెట్టుకున్న పద్ధతుల్లో సుమారు సగం పోయాయి. అయినా సాయం పొందిన ప్లాంట్లకూ పోలిక ప్లాంట్లకూ మధ్య తేడా ఇంకా గట్టిగానే ఉంది. అదే సంస్థకు చెందిన వేరే ప్లాంట్లకు చాలా పద్ధతులు పాకాయి. పక్క సంస్థలకు మాత్రం పెద్దగా పాకలేదు.

సగం పోయాయన్న వార్తను కొందరు ప్రయోగం విఫలమైనట్టు చెప్తారు. నేను ఒప్పుకోను. బయటివాళ్లు అయిదు నెలలుండి వెళ్లిపోయాక, ఎవరూ అడగకుండా, ఎవరూ తనిఖీ చేయకుండా, తొమ్మిదేళ్లకు సగం పద్ధతులు బతికి ఉండడం మా వృత్తిలో గొప్ప సంగతి. కానీ పోయిన సగం ఎందుకు పోయింది అన్నదే అసలు పాఠం.

ఎక్కువగా వినిపించిన కారణాల్లో రెండు: ప్లాంట్ మేనేజర్ మారిపోవడం, డైరెక్టర్లకు తీరిక లేకపోవడం. మొదటిది నేను పనిచేసిన చోట్ల పదే పదే చూశాను. ఉదయం సమావేశం నడిపేది ఒక మేనేజర్. లోపాల లెక్క అడిగేది అతనే. గ్రాఫు చూసి ఫిట్టర్‌ని పిలిచేదీ అతనే. అతనికి వేరే మిల్లులో మంచి జీతం వచ్చి వెళ్లిపోతాడు. కొత్త మేనేజర్ తన పాత ఫ్యాక్టరీ అలవాట్లతో వస్తాడు. మొదటి వారం సమావేశం జరుగుతుంది. రెండో వారం ఒక అర్జెంట్ డిస్పాచ్ టెన్షన్‌లో వాయిదా పడుతుంది. చెకర్ ఇంకా లెక్క రాస్తూనే ఉంటాడు, కానీ అడిగేవాళ్లు లేరు. నెల తిరిగేసరికి మగ్గం నంబరు గడి ఖాళీగా ఉంటుంది, లోపం రకం మాత్రం రాస్తాడు. ఇంకో నెలకు మొత్తం లోపాల సంఖ్య ఒక్కటే మిగులుతుంది. రిజిస్టర్ ఉంటుంది, తనిఖీకి వస్తే చూపించొచ్చు. దానిలో నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చేది ఏమీ ఉండదు. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి యజమానికి కనిపించదు.

రెండో కారణం, డైరెక్టర్ సమయం, మొదటిదానికి తోడవుతుంది. కుటుంబ సంస్థలో డైరెక్టర్ వారానికి ఒకసారైనా ఆ గ్రాఫు ముందు నిలబడి ప్రశ్న అడిగితే, కొత్త మేనేజర్ ఆ పద్ధతిని వదలడు. కానీ డైరెక్టర్ మీద బ్యాంకు పని, కొనుగోలుదారులు, పన్నులు, కుటుంబం, అన్నీ ఉంటాయి. అధికారం కింది వాళ్లకు పంచకపోవడం వల్ల సమయం ఉండదు. సమయం లేక పద్ధతులు జారిపోతాయి. పద్ధతులు లేక కింది వాళ్ల మీద నమ్మకం కుదరదు, కాబట్టి అధికారం పంచడు. ఈ ముడిని ఒక చివర పట్టుకుని విప్పాలి. నేనైతే లెక్క వైపు నుంచి మొదలుపెడతాను. మేనేజర్ చేస్తున్న పని రోజూ అంకెల్లో కనిపిస్తే, అతనికి కొంత ఖర్చు చేసే అధికారం ఇవ్వడానికి డైరెక్టర్ మనసు ఒప్పుతుంది.

మూడో కారణం ఒకటి నా తరఫున కలుపుతాను. దానికి బలం ఇంకో అధ్యయనం నుంచి వస్తుంది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ తయారీకి ప్రసిద్ధి. ఆర్థికవేత్త డేవిడ్ అట్కిన్ బృందం అక్కడ ఒకే షీటు నుంచి ఎక్కువ ముక్కలు వచ్చేలా కొత్త డై (షీటును ముక్కలుగా కోసే అచ్చు) రూపొందించి, కొన్ని సంస్థలకు ఉచితంగా ఇచ్చింది. ఏడాది దాటినా దాన్ని వాడినవాళ్లు అతి కొద్దిమంది. కోసేవాళ్లకు కూలి ముక్క లెక్కన. కొత్త డైతో మొదట్లో పని నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. మిగిలిన షీటు లాభం యజమానిది. అందుకని ఇది పనిచేయదని వాళ్లు యజమానికి చెప్పారు. తర్వాత కొన్ని సంస్థల్లో, కొత్త డైని యజమాని ముందు సరిగ్గా వాడి చూపిస్తే సుమారు నెల జీతమంత డబ్బు ఇస్తామన్నారు. అక్కడ వాడకం పెరిగింది.

నేత మిల్లులోనూ చాలాచోట్ల కూలి మీటరు లెక్కన. మగ్గం ఆపి శుభ్రం చేయమంటే ఆ పది నిమిషాల మీటర్లు కార్మికుడి జేబులోంచి పోతాయి. అలాంటి చోట శుభ్రత చెక్‌లిస్టు గోడకు తగిలించి వెళ్లిపోవడం అన్యాయం. అది నిలవదు కూడా. ఆపిన సమయానికి కూలి కట్టించాలి, లేదా లోపాలు తగ్గినందుకు వచ్చే డబ్బులో వాటా ఇప్పించాలి. తారాపూర్ ప్రయోగంలో సిబ్బందికి ప్రోత్సాహకాలు కూడా 38 పద్ధతుల్లో భాగమే. చాలామంది ఈ ప్రయోగాన్ని కాపీ కొట్టేటప్పుడు వదిలేసేది సరిగ్గా ఆ భాగాన్నే.

ప్రభుత్వం చేయగలిగింది

ఒక్కో ప్లాంటుకు ఈ స్థాయి సాయం మార్కెట్ ధరకు కొనాలంటే సుమారు 2.5 లక్షల డాలర్లు అవుతుందని పరిశోధకులే చెప్పారు. ఏడాదిలో తిరిగి వచ్చే ఖర్చే, కానీ ముందు పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? యజమాని ఫలితం చూడకుండా నమ్మడు, నమ్మకుండా ఖర్చు పెట్టడు. ఇక్కడ ప్రభుత్వ డబ్బు రావడంలో న్యాయం ఉంది.

ఇటలీలో దీనికి పాత ఉదాహరణ ఉంది. మార్షల్ ప్లాన్ (రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌కు అమెరికా ఇచ్చిన ఆర్థిక సాయం) కింద, 1952 నుంచి 1958 వరకు, ఇటలీ కంపెనీల మేనేజర్లను అమెరికా ఫ్యాక్టరీలకు శిక్షణకు పంపారు. ఆ యాజమాన్య శిక్షణ ప్రభావం కనీసం 15 ఏళ్ల పాటు అమ్మకాల్లో, ఉత్పాదకతలో కనిపించిందని ఆర్థికవేత్త మికేలా జార్చెల్లి 2019లో చూపించారు. కొలంబియాలో ఆటో విడిభాగాల సంస్థల మీద జరిగిన ప్రయోగం ఖర్చు సమస్యకు దారి చూపింది. ఒక్కో సంస్థకు విడిగా కన్సల్టెంట్‌ను పంపే బదులు, కొన్ని సంస్థలను గుంపుగా కూర్చోబెట్టి నేర్పారు. ఖర్చు మూడో వంతు. యాజమాన్య పద్ధతుల్లో మెరుగుదల దాదాపు సమానం.

మన దగ్గర సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల శాఖ 2023 మార్చిలో లీన్ పథకాన్ని (ఫ్యాక్టరీల్లో వృథా తగ్గించే పద్ధతులు నేర్పే పథకాన్ని) కొత్త రూపంలో తెచ్చింది. కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. అంతకుముందు ఇది 80 శాతం. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చిన్న యజమానికి గేటు దాకా సాయం తెచ్చే పథకం ఇది. అయితే తొమ్మిదేళ్ల తర్వాతి ఫలితం చదివాక, ఇలాంటి పథకాల్లో డబ్బు ఏ నెలలో ఖర్చవుతుందన్నది మార్చాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. పద్ధతి పెట్టేటప్పుడు ఖర్చు చేసేదానిలో కొంత భాగం పక్కన పెట్టి, రెండో ఏడాది, మూడో ఏడాది మళ్లీ వెళ్లి చూడడానికి వాడాలి. కన్సల్టెంట్ ఫీజులో చివరి వాయిదా ఆ మూడో ఏడాది సందర్శనకు ముడిపెట్టాలి. అలా చేస్తే మా వృత్తిలో ఉన్నవాళ్లం మొదటి రోజు నుంచే వేరేగా పనిచేస్తాం. ఫొటో బాగా వచ్చే పద్ధతుల కంటే, మనుషులు మారినా నడిచే పద్ధతులను ఎంచుకుంటాం.

ప్లాంట్ మేనేజర్ మారినప్పుడు కొత్త మేనేజర్‌కు శిక్షణ ఇచ్చే అవకాశం కూడా పథకంలోనే ఉండాలి. పద్ధతులు కూలే క్షణం అదేనని మనకు తెలుసు. ఆ క్షణానికి ఎవరూ డబ్బు కేటాయించరు. ఒక క్లస్టర్‌లో (ఒకేచోట ఉన్న పరిశ్రమల గుంపులో) పది పన్నెండు మిల్లులుంటే ఏటా కొందరు మేనేజర్లు మారుతూనే ఉంటారు. వాళ్లను ఒకచోట చేర్చి కొన్ని రోజులు నేర్పడం కొలంబియా పద్ధతికి సహజంగా సరిపోతుంది. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు పద్ధతులు పాకడం లేదన్న సమస్యకు కూడా ఇది కొంత మందు.

నా వరకు నేను మా బృందంలో ఒక నియమం పెట్టాను. ఒప్పందం ముగిసేముందు ప్లాంట్ మేనేజర్‌ను కొన్నాళ్లు సెలవు మీద వెళ్లమంటాం. డైరెక్టర్ చేత ముందే ఒప్పిస్తాం. మేము కూడా ఫ్లోర్ మీదికి వెళ్లం. సమావేశం షిఫ్ట్ సూపర్‌వైజర్ నడపాలి, ఖర్చు మీద చిన్న నిర్ణయాలు అతనే తీసుకోవాలి. తిరిగి వచ్చాక రిజిస్టర్‌లో మగ్గం నంబరు, షిఫ్టు, నూలు లాట్ గడులు చూస్తాం. నిండి ఉంటే ఒప్పందం ముగిస్తాం. ఖాళీలు మొదలైతే ఏ గడి ముందు ఖాళీ అయిందో చూసి, అది నింపాల్సిన మనిషితో కూర్చుని, ఆ లెక్క అతనికి ఏం పనికొస్తుందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతాం.